పాప బరువు గీత

పంపుహౌసులో అతన్ని కొలతరాయుడు అంటారు. గుర్తుల కర్ర ట్యాంకులో దించి మట్టం చూస్తే గాని మోటారు మీట మీద చెయ్యి వెయ్యడు. "గంట క్రితమే చూశాను కదరా!" అని పెద్ద మేస్త్రి విసుక్కుంటే, "గంట క్రితం మట్టం గంట క్రితానిదే బాబాయ్. ఈలోగా ఊరంతా స్నానాలు చేసింది" అంటాడు.

అంతటివాడికీ కూతురు పుట్టాక మనసు మనసులో లేదు. పాపకి మూడు వారాలప్పుడు పాత స్ప్రింగు త్రాసు తెచ్చి గుమ్మానికి తగిలించాడు. దాని స్ప్రింగు వదులు; అసలు బరువు చెప్పదు. అయితే తప్పు ఎప్పుడూ ఒకే మోతాదు కనుక, వారానికి ఎంత పెరిగిందో మాత్రం సరిగ్గా తేలుతుంది. సైన్సు చదివిన బుర్ర కదా, ఆ పెరుగుదలలన్నీ కూడి, ఆసుపత్రివాళ్ళు చెప్పిన పుట్టినప్పటి బరువుకి కలిపి, గోడ మీద గ్రాఫు గీశాడు. ఈ వయసు పిల్లలు ఇంత బరువుండాలని డాక్టరు చూపిన ఎర్రగీతకి సమాంతరంగా, కానీ కిందుగా పోతోంది పాప గీత.

"డబ్బా పాలు మొదలుపెడదామా?" అన్నాడు భార్యతో.

"అంటే నా పాలు చాలట్లేదనా?" ఆమె చివాలున లేచి వెళ్ళిపోయింది. ఆ పూట అతను తనే వడ్డించుకు తిన్నాడు.

మర్నాడు సాయంత్రం ముందుగదిలో ఆమె ఎప్పట్లాగే కాలేజీ పిల్లకి లెక్కలు చెబుతోంది. అతను పాపని భుజాన వేసుకుని లోపలిగదిలో పచార్లు చేస్తున్నాడు.

"నీటిమట్టం పెరిగే వేగం 2t + 3. మట్టమెంత?"

"t² + 3t + C, టీచర్."

"C ఎందుకు?"

"ఇదే వేగంతో నిండే ట్యాంకులు ఎన్నైనా ఉండొచ్చు. ఏదో ఒక సమయంలో మట్టం తెలిస్తేనే మనది ఏదో తేలుతుంది."

"శభాష్. గంట గడిచాక మట్టం అయిదు. ఇప్పుడు C?"

"అయిదు!"

"తొందరపడకు. గంటప్పటి అయిదుని తీసుకెళ్ళి సున్నా దగ్గర అతికించావు. t బదులు ఒకటి పెట్టు."

"ఒకటి, మూడు, నాలుగు... C ఒకటి!"

లోపల అతను టక్కున ఆగిపోయాడు. పుట్టినప్పటి బరువుని తనూ మూడో వారం దగ్గర అతికించాడు! ఆ మూడు వారాల ఎదుగుదల గీతలోకి రానేలేదు.

పిల్ల వెళ్ళగానే భుజాన పాపతోనే పరుగున వచ్చాడు. "త్రాసు తెచ్చాక పాప అసలు బరువు ఎవరైనా చూశారా?"

"ఆరో వారం టీకా నాడు నర్సమ్మ చూసింది. నాలుగున్నర కిలోలంది. మీరు సూదిని చూసి కళ్ళు మూసుకున్నారుగా, చెవులు కూడా మూతబడ్డాయి కాబోలు."

పెన్సిలు తీసి, ఆరో వారం దగ్గర నాలుగున్నర పెట్టి, పెరుగుదలలన్నీ అటూ ఇటూ పేర్చాడు. గీత వంపు ఏమీ మారలేదు; అలాగే పైకి లేచి ఎర్రగీతకి వెంట్రుకవాసి ఎగువన కూర్చుంది.

"నా పాలు చాలుతున్నాయా దొరగారూ?"

"తప్పైపోయింది తల్లీ."

"కర్ర దించకుండా మీట వేశారని బాబాయ్‌గారికి చెప్పనా?"

"నీకు పుణ్యముంటుంది, అంత పని చెయ్యకు!"

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఉలిక్కిపడిన పాప ముఖం చిట్లించి, అంతలోనే తండ్రి చొక్కా గుప్పిట పట్టి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. అతను పాపని ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, త్రాసు తీసి అటక మీద పడేశాడు. గుమ్మానికి మిగిలిన ఖాళీ కొక్కేనికి పాప గిలక్కాయ కట్టాడు.