మంచు నవలకు ఒకే ఒక్క శ్రోత

సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో నలుగురం కలిసి అద్దెకున్న ఫ్లాట్‌లో ఉంటూ నేనొక మంచు నవల రాశాను. ఉత్తర ధ్రువం దాపుల అడవి, అందులో ఒంటరి మనిషి. నేనేమో మంచు చూసిన పాపాన పోలేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయన్న భయంతో మాబోటి ప్రోగ్రామర్లని విమానాల్లో తెచ్చి దింపిన రోజులవి. ఆఫీసులో సర్వర్లుండే గది గడ్డకట్టేంత చల్లగా ఉండేది. భోజనం వేళ స్వెటరేసుకుని అందులో కూర్చుని రాసేవాణ్ణి. ఈ పిచ్చి ఎలా పట్టుకుందో చెప్పలేను.

మా బ్లాకు కింద ఒక అంకుల్ కూర్చునేవాడు. తాతల నాడే ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబం వాళ్ళది. వయసులో ఉండగా ఓడల్లో పనిచేశాడు. ఒక శీతాకాలమంతా ఆయన ఓడ ఉత్తరాన మంచులో ఇరుక్కుపోయిందట. ఈ ఊళ్ళో నా నవల బాగోగులు చెప్పగలిగింది ఆయనొక్కడే. బాగుందంటే అచ్చుకి పంపాలని, లేదంటే చించెయ్యాలని ఒట్టు పెట్టుకుని రాతప్రతి ఆయన చేతిలో పెట్టాను.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఒళ్ళు మండి వెళ్ళి అడిగితే, తెలుగు నోటికే గాని కంటికి రాదని మొహమాటపడుతూ చెప్పాడు. బళ్ళో చదివింది ఇంగ్లీషూ అరవమూనట. ముందే అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది. ఇక ఆదివారాలు, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ చదివి వినిపించాను. ఏడు ఆదివారాలు పట్టింది.

చివరి పేజీ అయ్యాక ఆయన కప్పు పక్కకు జరిపాడు.

“మంచు బానే రాశావు తంబీ. కానీ నీ మనిషి ఒక్కసారైనా ఎవర్నీ పిలవడేం? మాకు భయం చలంటే కాదు. రోజూ డెక్కు మీద ఒకళ్ళ పేరు ఒకళ్ళం అరిచేవాళ్ళం. పలక్కపోతే పోయి చూసేవాళ్ళం.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా మనిషికి ఎవరూ అక్కర్లేదని, నవలంతా అదేనని వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“సరే, నీ పేరేంటి?” అన్నాడు.

ఆఫీసులో నేనంటే కంప్యూటర్లో కొట్టే నాలుగు లాగిన్ అక్షరాలే. ఫ్లాట్‌లో ఒకళ్ళనొకళ్ళం ‘బాస్’ అనే పిలుచుకునేవాళ్ళం. ఏడు వారాలు ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా నా పేరు చెప్పలేదు. చెప్పాను. ఆయన ఓడ మీద అరిచినట్టే గట్టిగా పిలిచాడు. చుట్టుపక్కల బల్లలవాళ్ళు తిరిగి చూశారు.

పలకాల్సింది పోయి, సిగ్గు విడిచి ఏడ్చాను. నవల చించాలా వద్దా అని అడగడమే మర్చిపోయాను. ఆయన లేచి, బల్ల ఇటువైపుకొచ్చి, నా పక్కన కూర్చున్నాడు.