ఉప్పు తెలియని నాలుక

ఆ రోజు పప్పు దించుతూ కొంచెం అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు సరిపోయిందో లేదో తేలలేదు. మళ్లీ నాకాను. తెలియలేదు. చిన్నప్పటి నుంచి వంట చేస్తున్నదాన్ని!

జహీరాబాదులో మా కాపురం మొదలై అప్పటికి మూడేళ్లు. మా ఆయనది ఫ్యాక్టరీలో పని. బయట ఆయనంటే అందరికీ ప్రాణం. ఇంట్లో మాత్రం కంచం ముందు కూర్చుంటే ఒకటే పాట.

"ఏందే గిది, ఉప్పేది?"

మరునాడు ఇంకాస్త వేస్తే, "ఉప్పు కుమ్మరించినవ్. నీ నోరు సచ్చిందే. నేను గాబట్టి తింటున్న."

నమ్మాను. ఎందుకైనా మంచిదని పైన ఇంకో చిటికెడు వేయడం అలవాటైంది.

కొన్నాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం. దవాఖానలో డాక్టరమ్మ ఏమైందని నన్ను అడిగితే ఆయనే అందుకున్నాడు. "దీనితోని నాకే తిప్పలు మేడం. నేనెట్ల బతుకుతున్ననో జర నన్నడుగున్రి."

బీపీ హై అంది. యూరిన్ టెస్ట్, ఈసీజీ నార్మల్. నా నోటికి రుచి పోయిందని, కూరల్లో ఉప్పు కుదరడం లేదని చెప్పాను. కళ్లు మూసుకోమని నాలుక మీద ఉప్పు, చక్కెర, నిమ్మరసం వేసి చూసింది. అన్నీ సరిగ్గా చెప్పాను.

"టేస్ట్ నార్మలే అమ్మా. కూరల ఉప్పు లేదని ఎవరన్నరు?"

ఆయన వైపు చూశాను. ఆయన గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు.

మాత్రలిచ్చి ఉప్పు తగ్గించమంది. తగ్గించాను. ఆయన కంచం తోసేశాడు. భయపడి మళ్లీ వేశాను, బీపీ మళ్లీ పెరిగింది.

అప్పుడే న్యాల్‌కల్ నుంచి వదినె, అంటే ఆయన అక్క, వచ్చింది. ఆ పూట వంకాయ కూర ఆమే వండింది, నేను వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టాడో లేదో, "థూ! ఉప్పు లేదు, కారం లేదు."

"నేనొండిన తమ్మీ," అంది వంటింట్లోంచి వదినె.

ఆయన రెప్ప కూడా వేయలేదు. "నువ్వా అక్కా? అదే అనుకుంటున్న, గింత కమ్మగుందేందని. ఇంకింత ఎయ్యి."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి పోయి బోరుమన్నాను. వదినె వీపు నిమిరింది.

"మా అమ్మను గూడ గిట్లనే ఏడిపిచ్చిండు. ఆనికి ఎదుటోళ్లు తక్కువైతెనే నిమ్మళం. నీ నోరు మంచిగనే ఉంది పిల్లా."

ఆయన మారలేదు. ఈ గుణానికి వైద్యంలో పేరుందేమో నాకు తెలియదు. ఇప్పుడు నా రుచికే వండి, ఆయన కంచం పక్కన ఉప్పు గిన్నె పెడతాను. వారాల తరబడి మూతి ముడుచుకున్నాడు, నేను మొండిదాన్నని ఊరంతా చెప్పాడు. చెప్పుకోనీ! మాత్రలు వేసుకుంటున్నాను, బీపీ అదుపులో ఉంది. మా వాడలో పెండ్లయితే కూరల్లో ఉప్పు చూడమని నన్నే పిలుస్తున్నారు.

మీకేమీ తెలియదని ఇంట్లో ఒకరు రోజూ అంటుంటే, డాక్టరు ఇచ్చిన మందులు మానకండి. దాంతోపాటు మీరు వండిన కూర ఒక గిన్నెలో వేసి పక్కింటికి పంపి, ఉప్పు ఎలా ఉందో అడగండి.