గాలి తిరిగిన పూట పిలిచే గొంతు

మొన్న మధ్యాహ్నం ఫోను మోగితే తీశాను. ఎంతో చనువుగా, ఎరిగిన ఇంటి పిల్లలా ఒక ఆడగొంతు నా ఆరోగ్యం అడిగింది. అది మనిషి కాదని తెలుసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే అలాంటి గొంతు ఒకదాన్ని ఒకప్పుడు నా చేతులతో నేనే ఒక ఊరికి తగిలించి వచ్చాను.

నెల్లూరులో తుఫాను హెచ్చరికల ఆఫీసులో ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళవి. వాకాడు వైపు ఒక జాలరిపల్లెలో ఎత్తైన స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టి, మా ఆఫీసులో మీట నొక్కితే అక్కడ తుఫాను హెచ్చరిక మోగేలా ఏర్పాటు చేశాం. చదువు రానివాళ్ళకూ అందుతుందని మా మురిపెం. తీరా మోగినప్పుడు, 'అల్పపీడనం', 'వాయవ్య దిశ' అంటూ పట్నపు గొంతు చదువుతుంటే, వాళ్ళు కాసేపు తలెత్తి విని, పడవలు నీళ్ళలోకి తోసుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఆగి, నిజంగానే తెలియక అడిగాడు.

"అది మాట్లాడేది మాతోనేనా మేడం?"

ఆ మాటకు సిగ్గుపడి, పది రోజులు వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్య ఇసుకలో కూర్చున్నాను. గాలి తిరిగితే ఆ ఊరు ఎవరి మాట వింటుందో అప్పుడు తెలిసింది. మొగుణ్ణి సముద్రానికి పోగొట్టుకున్న ఒక అవ్వ ఒడ్డున నిలబడి కేకేస్తే, ఎంత మొండివాడైనా వెనుదిరిగేవాడట. ఆమెనే బతిమాలి రికార్డు చేశాం: "గాలి తిరిగింది నాయనా, పోబాకండి, ఎనక్కి రండి!" తన గొంతు తాను విని, అవ్వ ఆ పెట్టెను వేలితో తాకింది.

"నేను పోయినాక గూడా ఇది నా మాదిరే అరస్తాదా?"

నేను గర్వంగా అవునన్నాను. అది మెచ్చుకోలు కాదని అప్పుడు నాకు తట్టలేదు.

రెండేళ్ళు ఆ గొంతు పడవల్ని ఒడ్డు చేర్చింది. ఒక కార్తీకంలో అవ్వ పోయింది. పెద్దకర్మకు నేనూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, కాకులకు పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది, ఒక్క కాకీ వాలలేదు. అప్పుడు, అవ్వ పోయిన సంగతి తెలియని మా ఆఫీసువాళ్ళు అక్కడెక్కడో మీట నొక్కారు.

"గాలి తిరిగింది నాయనా, పోబాకండి, ఎనక్కి రండి!"

ఎవరూ కదల్లేదు. మూడోసారి మోగేసరికి అవ్వ కూతురు "వస్తన్నానమ్మా" అని లేచి, చెంగు జారిపోతున్నా పట్టించుకోకుండా నేరుగా స్తంభం దగ్గరకు నడిచింది. గొంతు ఆగిపోయాక కూడా పైకి చూస్తూ అక్కడే నిలబడింది. సముద్రం మీద ఉన్న పక్కపల్లె పడవలు రెండు, ఆ పిలుపు విని తిరిగి వచ్చాయి. సాయంత్రానికి నిజంగానే గాలివాన విరుచుకుపడింది.

వాన వెలిశాక ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ గొంతు తీసేస్తానన్నాను. మగవాళ్ళు ఒప్పుకోలేదు, అది తప్ప తమను ఒడ్డుకు తిప్పే గొంతు లేదన్నారు. వాళ్ళ మాటా అబద్ధం కాదు. ఆమె తలెత్తి స్తంభం వైపు చూసింది.

"మీకది హెచ్చరిక. నాకది మా అమ్మ. ఆమెను పడుకోనీండి. నేను పిలస్తా."

అవ్వ క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టి, ఆమె గొంతు రికార్డు చేశాను. ఆ గొంతు ఉంచమంటావా అని ఏటా వచ్చి అడుగుతానని, ఆమె వద్దన్న రోజున చెరిపేస్తానని మాటిచ్చాను. కొత్త రికార్డు మొదటిసారి మోగినప్పుడు ముసలివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అది తల్లిదో కూతురిదో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏటా వెళ్ళి అడిగాను. ఇప్పుడు హెచ్చరికలు ఎవరి అరచేతిలోకి వాళ్ళకే వస్తున్నాయి, మంచిదే. కాని వాటిని తయారుచేసేవాళ్ళలో ఆ ఇసుకలో కూర్చున్నవాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు. నేను రిటైరయ్యాక ఎవరో వచ్చి స్తంభం పీక్కుపోయారట, ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా. ఆ తర్వాత గాలి తిరిగిన ఒక పూట ఆమె వాకిట్లోకి వచ్చి, తన గొంతు తనకు వినపడుతుందేమోనని చీకటి పడేదాకా నిలబడిందని ఈమధ్యే విన్నాను.