సొంత విమానం ఉన్న డ్రైవరు

మా నాయిన సిటీ బస్సు డ్రైవరు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయనకూ నాకూ ఒకే ఒక్క తగువు ఉండేది. అది నా పాటల గురించి.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ చెరువు దగ్గర రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నా దగ్గరొక చైనా ఫోన్ ఉండేది. దాని స్పీకర్లు ఎంత గట్టిగా మోగేవంటే, పక్క పోర్షన్ వాళ్ళు వద్దన్నా వినాల్సిందే. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే చిన్న దుకాణం ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మనం అడిగిన పాటలన్నీ ఎక్కించి, తనకు నచ్చినవి నాలుగు కొసరు వేసేవాడు. ఇంగ్లిషు రాక్ పాటలు నాకలా కూరగాయల మీద కరివేపాకులా కొసరుగా వచ్చాయి.

వాటిలో ఒక పాటంటే నాకు పిచ్చి. పడిపోయావా, ఫరవాలేదు, నేనున్నాను, లేచి నిలబడు అన్న ధోరణిలో సాగుతుంది. మధ్యలో మాటలు ఆగిపోయి, వేలమంది జనం ఒక్క గొంతుతో "ఓ... ఓ..." అని రాగం తీస్తారు. మార్కులు తక్కువొచ్చిన రోజైనా, స్నేహితురాలు మొహం చాటేసిన రోజైనా నాకు ఆ పాటే మందు.

నాయిన డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగేవాడు.

"ఏమంటుండు ఆయన?"

నేను అర్థం చెప్పేదాన్ని. ఒక రోజు ఇంకో మాట అడిగాడు.

"ఆయన ఇల్లెట్లుంటది?"

నేను గొప్పగా చెప్పాను. కోటలాంటి ఇల్లు, తోటలు, సొంత విమానం. ఇవన్నీ ఏదో పేపర్లో చదివి బుర్రలో పెట్టుకున్నాను. నాయిన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"గంత పెద్ద బంగ్లల పండుకోని, ఏం గాదు బిడ్డా అంటుండు. నిజమే మరి. ఆయనకైతే ఏం గాదు."

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. నాకు ముక్కు మీదే కోపం.

"పైసలున్నోళ్ళు ఏడ్వరా నాయినా?"

"ఎందుకేడ్వరు? ఏడుస్తరు. ఏసీల కూసోని ఏడుస్తరు."

ఆ రోజు అన్నం తినకుండా అలిగాను. అలక ఎక్కువసేపు నిలవలేదు, అమ్మ పచ్చిపులుసు చేసింది. కానీ నాయిన మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది, ఎందుకంటే లోలోపల ఆ అనుమానం నాకూ ఉంది. ఎప్పుడూ ఆకలి తెలియని మనిషి నాకు ధైర్యం చెబితే, ఆ ధైర్యం దేనితో చేసింది?

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, చివరకు బస్సులు కూడా ఆగిపోయాయి. నాయిన వాళ్ళ డిపో ముందు టెంటు వేశారు. బస్సు లేకపోయినా నాయిన డ్యూటీకి పోయినట్టే పోయేవాడు. గడ్డం గీసుకొని, టిఫిన్ డబ్బా పట్టుకొని, టైముకు టెంట్లో ఉండేవాడు. రోజంతా డప్పులు, పాటలు. మొదట్లో ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి, మొహం మాత్రం పెళ్ళికి పోయి వచ్చినట్టు వెలిగిపోతుండేది.

తర్వాత జీతం ఆగింది. దసరా పాత బట్టల్లోనే గడిచిపోయింది. బతుకమ్మకు అమ్మ పెట్టెలో మడతపెట్టిన పెళ్ళినాటి చీర కట్టింది. పోలీసుల కాపలాతో బస్సులు తీస్తారట, వచ్చిన డ్రైవర్లకు ఏ ఇబ్బందీ ఉండదట అని మాటలు మొదలయ్యాయి. టెంటుకు పెద్దమనుషులు పెద్ద కార్లలో వచ్చేవారు. పస్తులుండైనా సాధిద్దాం అని మైకులో అరిచి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. ఒక సాయంత్రం నాయిన నా పక్కన కూర్చొని అన్నాడు.

"వీళ్ళు గూడ నీ గిటారోళ్ళ తీరే బిడ్డా. మన పస్తు గురించి మంచిగ చెప్తరు."

ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు. నాకు భయం వేసింది.

ఆ భయం ఊరికే పోలేదు. ఒక పొద్దున నాయిన ఖాకీ చొక్కా వేసుకొని బయటి గదిలోకి వచ్చాడు. అమ్మ చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడిపోయింది. ఆ చొక్కాతో డిపోలో అడుగుపెడితే మళ్ళీ ఆ టెంట్లో నాయిన తలెత్తుకొని కూర్చోలేడు. పెట్టకపోతే వంటింట్లో ఖాళీ డబ్బాల సంగతి అమ్మకు తెలుసు. నాయిన అద్దం ముందు నిలబడి, దువ్విన తలనే మళ్ళీ దువ్వుతున్నాడు.

"ఫోన్ల ఆ విమానమాయన పాట పెట్టు," అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

ఏడిపించడానికే అనుకున్నాను. "ఇప్పుడెందుకు?" అన్నాను విసురుగా.

"పెట్టరాదు బిడ్డా."

పెట్టాను. మంచం అంచున కూర్చొని విన్నాడు. "ఓ... ఓ..." దగ్గరికి వచ్చేసరికి మోకాలి మీద వేళ్ళు కదిలాయి. అయిపోయాక, "మల్లొకసారి," అన్నాడు. మళ్ళీ పెట్టాను. బంగ్లా మాట ఎప్పుడెత్తుతాడా, ఎప్పుడు ఎదురు చెబుదామా అని చూస్తున్నాను.

"మాట అబద్ధమే గావచ్చు," అన్నాడు. "గొంతైతే అబద్ధం ఆడుతలేదు."

అలా అని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని మేకుకు తగిలించాడు. మామూలు చొక్కా వేసుకొని, నా ఫోన్ జేబులో పెట్టుకొని టెంటుకు వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్ పట్టుకుపోయాడని ఏడుస్తున్నానని అమ్మతో చెప్పాను. అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ, సరే అట్లనే అంది.

సాయంత్రం ఇంటికి వచ్చిన నాయిన మొహంలో సిగ్గు, నవ్వు రెండూ ఉన్నాయి. జరిగింది తనే చెప్పాడు. డప్పు వాళ్ళు ఇంకా రాలేదని, ఫోన్ మైకు దగ్గర పెట్టి పాట వినిపించాడట. అందరూ అర్థం అడిగారట, చెప్పాడట. ఎవరు పాడిండ్రన్నా అని అడిగారట. బంగ్లా, విమానం అంటే వాళ్ళేమంటారో ఆయనకు తెలుసు, ఇన్నాళ్ళూ ఆయన అంటున్నదే అది.

"ఆయన గూడ మనలెక్క డ్రైవరే అని చెప్పిన."

"నాయినా!"

"ఇంగ్లాండుల డబుల్ డెక్కర్ తోల్తడని చెప్పిన. ఆడ గూడ సమ్మె నడుస్తున్నదని చెప్పిన."

ఒకప్పుడు మన ఊళ్ళోనూ తిరిగిన డబుల్ డెక్కర్ మీద నాయినకు పాత మోజు. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. "గిదేందయ్యా, గింత అబద్ధమా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"మరేం జెయ్యాలె? విమానం ఉన్నదంటే వింటరా?"

మర్నాటి నుంచి అది డబుల్ డెక్కరన్న పాట అయిపోయింది. కాలేజీ ఎలాగూ మూసే ఉంది గనుక ఫోన్ నొక్కే డ్యూటీ నాకు పడింది. డప్పు వాళ్ళు ఆ వరస పట్టేశారు. మాటలు ఎవరికీ రావు గానీ, "ఓ... ఓ..." వచ్చిందంటే చాలు, కోఠీ కోఠీ అని కేకలేసి గట్టిపడ్డ కండక్టర్ల గొంతులన్నీ ఒక్కసారి లేచేవి. ఆ రాగం మా టెంట్లో లేచినంత బాగా ఆ ఒరిజినల్‌లో కూడా లేవలేదని ఇప్పటికీ వాదిస్తాను.

నాయినతో పాటే ఉద్యోగంలో చేరిన స్నేహితుడొకాయన ఉండేవాడు, ఆయనా డ్రైవరే. ఆయన ఇక డ్యూటీలో చేరిపోతానన్నాడు. నాయిన ఆయన్ను కూర్చోబెట్టి ఆ పాట వినిపించాడు. "ఏడనో ఉన్న డ్రైవరు మనకు ధైర్యం చెప్తుండు, నువ్వు పోతవా అన్నా?" అన్నాడు. ఆయన వెళ్ళలేదు. ఆ రోజు నుంచి నాకు ఆ అబద్ధం తలచుకుంటే నవ్వు రావడం మానేసింది. నాయిన తన మాట విలువనంతా ఆ అబద్ధం మీద పణంగా పెట్టేశాడు.

అలా ఉండగా ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు ఆపి, అక్కడే ఇటుకల పొయ్యి మీద వండుకొని, అక్కడే వరసగా కూర్చొని తినడం ఆ రోజుల్లో నిరసన పద్ధతి. ఆడవాళ్ళు తలా కాస్త బియ్యం, పప్పు తెచ్చారు. పెద్ద దేగిసాలో అన్నం ఉడికింది. అందరూ వరసలో కూర్చున్నాక, నాయిన స్నేహితుడు తన పక్కన ఇంకో విస్తరి వేయించాడు.

"గిది డబుల్ డెక్కరన్నది. ఆయన వంతు ఆయనకు పెట్టుండ్రి."

నవ్వారు గానీ, ఎవరూ తమాషాకు పెట్టలేదు. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు, అన్నీ పద్ధతిగా వడ్డించారు. నాయిన పచ్చిపులుసు గిన్నె పట్టుకొని వరస వెంట వస్తున్నాడు. నేను పాట పెట్టాను.

సరిగ్గా అప్పుడే పాటల దుకాణం ఆయన వచ్చాడు. దుకాణం మూసే ఉంది, గుంటూరు వైపు మనిషి గనుక ఆ రోజుల్లో ఆయనకు కొంచెం బెరుకూ ఉండేది. అయినా ఒక సంచి నిండా టమాటాలు మోసుకొచ్చాడు. పాట వినగానే ఆయన మొహం విప్పారింది.

"అరే, ఇది నేనెక్కించిన పాటేనండీ!"

"మా ఇంగ్లాండు డ్రైవరన్నది సార్," అన్నాడు నాయిన స్నేహితుడు, పక్క విస్తరి చూపిస్తూ.

"డ్రైవరేంటండీ బాబూ! ఆయనకి సొంత విమానం ఉందండీ. కోట లాంటి ఇల్లు!"

వరస మొత్తం చేతులు ఆగిపోయాయి. దుకాణం ఆయన అందరి మొహాలూ చూసి, "నేనేమైనా తప్పు మాట్లాడానా అండీ?" అన్నాడు చిన్న గొంతుతో. నాయిన స్నేహితుడు నాయిన వైపు తిరిగాడు.

"నిజమేనా అన్నా? బంగ్లల ఉన్నోని మాట మీదనా నన్ను ఆపినవ్?"

నా చేతిలో ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ఆపేశాను. ఇక వాళ్ళు నాయినను నమ్మరు అనుకున్నాను. నాయిన గిన్నె కింద పెట్టాడు. మెల్లగా వచ్చి ఆ ఖాళీ చోట, ఆ విస్తరి ముందు బాసిపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"అబద్ధమే ఆడిన," అన్నాడు. "పాట ఆయనదే. విమానం గూడ ఆయనదే."

విస్తరిని దగ్గరికి జరుపుకొని స్నేహితుడి వైపు చూశాడు.

"మనం తోలే బస్సు ఎవరిదన్నా? మనదా? గని ఈడ ఎక్కిన ముసలమ్మను కోఠి దవాఖానల దించేది ఎవరు? బస్సున్నోడా, మనమా? గీ పాటను ఇంగ్లాండు నుంచి గీడిదాక తోలుకొచ్చింది నేను. ఇన్ని దినాలు నన్ను మోసింది అది. డ్రైవరు పాట అంటే డ్రైవరు పాటే. డ్రైవరును నేను."

అలా అని అన్నంలో పప్పు కలిపి పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముద్ద మింగలేక ఆయన పడ్డ అవస్థ నాకు దూరం నుంచి కూడా కనిపించింది. జీవితంలో నాయిన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

స్నేహితుడు లేచి, కింద పెట్టిన గిన్నె అందుకొని, నాయిన విస్తట్లో పచ్చిపులుసు పోశాడు.

"జర నిమ్మళంగ తినన్నా. పొలమారుతది."

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. స్నేహితుడు దుకాణం ఆయన చేతిలో సంచి అందుకొని, "మీరు గూడ కూసోండ్రి సార్, అన్నం సల్లారుతది," అని తన ఇంకో పక్క చోటిచ్చాడు. ఆయన కూర్చున్నాడు. "పాటెందుకు ఆపినవ్ బిడ్డా?" అని స్నేహితుడు నన్నూ గదమాయించాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఆ రోజు "ఓ... ఓ..." అన్నం నిండిన నోళ్ళతోనే లేచింది.

బస్సులు లేవు కదా, డ్రైవరు కుటుంబం కూడా నడిచే ఇంటికి పోవాలి. కొత్తపేట మీదుగా సరూర్‌నగర్ వైపు ముగ్గురం నడుస్తున్నాం. ఖాళీ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇక బంగ్లా మీద వేళాకోళం మొదలవుతుందని నేను సిద్ధంగా ఉన్నాను.

"బిడ్డా, ఆ విమానమాయన తినేటప్పుడు పక్కకు ఎవరన్న కూసుంటరా?"

"తెల్వదు నాయినా."

"గంత మంచిగ పాడుతడు పాపం," అన్నాడు. ఇంకొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "ఎవరన్న కూసుంటే బాగుండు."