ఆ కేసెట్‌లో నస్రీన్ గొంతు

1999లో గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడమీద నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. రెండు గదులు. ఒకదాంట్లో గోడలకి కొబ్బరిపీచు అట్టలు కొట్టి, వాటిమీద పాత తివాచీలు అంటించి, గాయకుల్ని నిలబెట్టేవాళ్ళం. రెండోదాంట్లో యంత్రాలు, నేను. పెదకాకాని శివుడి మీద భక్తిపాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు, మిగతా ఏడాదంతా పత్తి విత్తనాల ప్రకటనలు. ఆటోకి మైకు కట్టుకుని పల్లెల వెంట తిరుగుతూ వినిపించేవాళ్ళు గుర్తున్నారా, ఆ ప్రకటనల్లో చాలా భాగం నా దగ్గర పుట్టినవే.

ఆ ఏడు ఆ గదుల్లోనే ఒక పాప్ ఆల్బమ్ తయారైంది. పేరు "ఆదివారం వాడరేవు". పాడింది ఇద్దరు చీరాల అమ్మాయిలు, శిరీష, నస్రీన్. ఇద్దరూ అప్పుడు ఇంటర్ చదువుతున్నారు. చీరాల, బాపట్ల, పర్చూరు వైపు ఇప్పుడు నలభై దాటినవాళ్ళలో కొందరికి ఆ కేసెట్ గుర్తుండే ఉంటుంది. దాంతోపాటు ఇంకో మాట కూడా గుర్తుంటుంది. "అట్టమీద ఇద్దరి బొమ్మలు వేశారు గానీ పాడింది ఒక్కతే, రెండో అమ్మాయి పాటలు కూడా శిరీషే పాడేసింది" అని. మొన్నీమధ్య ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర కూడా ఈ మాట విన్నాను. అది నిజం కాదు. నిజం కాదని అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. ఆ మాట పుట్టడానికి కారణమూ నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయిలు మొదట పాడింది ఒక విత్తనాల ప్రకటన. కోటేశ్వరరావు గారని గుంటూరులో పెద్ద విత్తనాల కొట్టు ఉన్నాయన కోసం. ఆడపిల్లల గొంతులు కావాలంటే చీరాల కాలేజీ లెక్చరర్ ఒకాయన వీళ్ళని పంపించాడు. తోడుగా నస్రీన్ తండ్రి, టైలరు మస్తాన్ గారు వచ్చి, పాట అయ్యేదాకా బయట బల్లమీద కూర్చుని కునికిపాట్లు పడేవాడు. ఆ ప్రకటన ఆటోలో తిరిగిన పది రోజులకి కోటేశ్వరరావు గారు మెట్లెక్కి వచ్చాడు.

"ఏమయ్యా, జనం విత్తనాలకంటే పాటే ఎక్కువ అడుగుతున్నారు. ఒక కేసెట్ కొట్టేద్దాం. ఈ మధ్య పాప్ పాప్ అంటున్నారు చూడు, అది."

"పాప్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసాండీ?"

"నాకెందుకయ్యా తెలియడం? నీకు తెలుసుగా."

అలా మొదలైంది. ఎండాకాలం సెలవుల్లో చీరాల నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చి పాడి వెళ్ళేవాళ్ళు. ఇద్దరికీ చెరో మైకు, చెరో ట్రాక్ ఇచ్చాను. ట్రాక్ అంటే టేపుమీద ఒక్కో గొంతుకి వేరుగా వేసే దారి. తర్వాత ఎవరిది పెంచాలన్నా తగ్గించాలన్నా వీలుంటుంది. శిరీషది పైకి సులువుగా వెళ్ళే సన్నని గొంతు. పొడుగ్గా ఉండే నస్రీన్‌ది కింది గొంతు, కొంచెం జీర. విడివిడిగా వింటే ఇద్దరూ మామూలు గాయనులే. కలిసి పాడితే మాత్రం నేను యంత్రం మీద చెయ్యి వేయడం మరిచిపోయేవాణ్ణి.

"ఇది కింద పాడుతుంటే నా కాళ్ళకింద అరుగున్నట్టు ఉంటుంది సార్" అంది ఒకసారి శిరీష.

"అంటే నన్ను తొక్కుతున్నావన్నమాట" అంది నస్రీన్. ఆ నవ్వు ఆపి మళ్ళీ పాట మొదలుపెట్టేసరికి కాఫీలు చల్లారిపోయాయి.

పాటలన్నీ అయ్యాక కోటేశ్వరరావు గారికి వినిపించాను. అమ్మాయిలు అప్పటికే బండికి వెళ్ళిపోయారు. ఆయన రెండు పాటలు విని మొహం చిట్లించాడు.

"ఆ పొడుగమ్మాయి గొంతేంటయ్యా, మగపిల్లాడిలా ఉంది? పాపంటే చిలకల్లా ఉండాలి. దాని పాటలు బెజవాడ నుంచి ఎవరినైనా పిలిచి పాడించు. బొమ్మ దానిదే వేద్దాంలే, ఎవడికి తెలుస్తుంది?"

నాకు ఆ పని చేయబుద్ధి కాలేదు. ఒక్క రోజు గడువడిగి, మర్నాడు నాకు తెలిసిన విద్య వాడాను. టేపు యంత్రంమీద వేరీస్పీడ్ అని ఒక మీట ఉంటుంది. టేపు తిరిగే వేగాన్ని కొద్దిగా పెంచుతుంది. వేగం పెరిగితే పాట చురుగ్గా నడవడమే కాదు, శ్రుతి కూడా పైకి లేస్తుంది, గొంతులు సన్నబడి చిన్నపిల్లలవిలా అవుతాయి. పాటలన్నిటికీ ఒక మెట్టు శ్రుతి లేపాను. నస్రీన్ ట్రాక్‌లో ఆ జీర వినిపించే కింది భాగాన్ని ఈక్వలైజర్‌తో, అంటే ధ్వనిలో బరువునీ పదునునీ సరిచేసే పరికరంతో, కోసేశాను. ఇప్పుడు రెండు గొంతులూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

"అదీ! ఇప్పుడు చిలకలు" అన్నాడు కోటేశ్వరరావు గారు.

ఆ అమ్మాయికి ఆల్బమ్‌లో చోటు కాపాడానని ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉంది.

కేసెట్ అచ్చయి వచ్చాక ఇద్దరూ స్టూడియోకి వచ్చి విన్నారు. ముందు పడిపడి నవ్వారు. తర్వాత నస్రీన్ నవ్వు ఆపి, "సార్, ఇది నేనేనా? నా గొంతు ఇంత సన్నగా ఉంటుందా?" అని అడిగింది.

"మైకులో అలాగే వస్తుందమ్మా" అన్నాను.

నిజం చెప్పాలంటే నీ గొంతు మగపిల్లాడిలా ఉందన్నారని కూడా చెప్పాలి. పదహారేళ్ళ పిల్లతో ఆ మాట ఎలా అనడం? బాధపడుతుందనుకున్నాను. ఆమె నమ్మింది. మైకు సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

కేసెట్ ఆడింది. బస్టాండ్ కొట్లలో, చీరాల బట్టల బజారులో, వాడరేవు వెళ్ళే జీపుల్లో అదే పాట. ఆ శీతాకాలం చీరాలలోనే ఒక కాలేజీ వార్షికోత్సవానికి వీళ్ళని పిలిచారు. వాద్యానికి తెనాలి ఆర్కెస్ట్రా, మైకుల పని నాది. తెనాలి వాళ్ళ వ్యాను దారిలో చెడిపోయి ఆలస్యంగా వచ్చింది. రిహార్సల్ లేకుండానే అందరూ స్టేజీ ఎక్కారు.

మొదటి పాటలో కీబోర్డు మొదలుకాగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఆర్కెస్ట్రా వాళ్ళు పాటలు కేసెట్ విని నేర్చుకున్నారు. శ్రుతి కూడా కేసెట్‌లో ఉన్నదే పెట్టుకున్నారు. అంటే నేను లేపిన శ్రుతి. ఆ అమ్మాయిలు ఎన్నడూ పాడని శ్రుతి.

శిరీష ఎలాగో అందుకుంది. నస్రీన్ పాడాల్సిన చరణం వచ్చేసరికి గొంతు పైకి లేవలేదు. రెండోసారి ప్రయత్నిస్తే పగిలింది. కుర్రాళ్ళు ఊరుకుంటారా?

"ఒరేయ్, పొడుగక్కకి జలుబు చేసిందిరా, శొంఠి కాఫీ పట్రండ్రా!"

"కేసెట్లో పాడింది ఈవిడ కాదురోయ్!"

"కేసెట్ వేసెయ్యండ్రా, గొడవొదిలిపోద్ది!"

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే శ్రుతి మొత్తం దించవచ్చు. నేను స్టేజీ పక్కనే ఉన్నాను. నాలుగడుగులు వేసి కీబోర్డు అతని చెవిలో ఒక మాట చెబితే సరిపోయేది. చెబితే అతను ఎందుకని అడుగుతాడు. పక్కనే ప్రిన్సిపాల్, ముందు వరసలో కోటేశ్వరరావు గారు. నేను మిక్సర్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మిగిలిన పాటలు శిరీష ఒక్కతే పాడింది. నస్రీన్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

కార్యక్రమం అయ్యాక స్టేజీ వెనక స్పీకర్ పెట్టెల దగ్గర నస్రీన్ నన్ను ఆపింది. శిరీష ఆమె పక్కనే ఉంది. కోటేశ్వరరావు గారు ఎవరితోనో మాట్లాడుతూ అక్కడే నిలబడ్డాడు.

"సార్, కేసెట్‌లో ఉన్నది నా గొంతేనా? నిజం చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? కేసెట్ మీద నీ పేరుందిగా" అన్నాను.

నస్రీన్ తల తిప్పి శిరీషని చూసింది.

"ఏంటే, అలా చూస్తావు?" అంది శిరీష.

నేను వైర్లు చుట్టుకునే పనిలో పడ్డాను. ఆ పిల్లని నొప్పించకూడదన్న ఆలోచన అప్పుడూ ఉంది, అబద్ధం కాదు. కానీ దానికంటే పెద్దది వేరే ఉంది. గొంతులు మార్చే స్టూడియో అని పేరొస్తే భక్తిపాటల వాళ్ళు కూడా నా మెట్లెక్కరని భయం. రెండో కేసెట్ గురించి కోటేశ్వరరావు గారు అప్పటికే నాతో మాట్లాడి ఉన్నాడు. ఆ రెండో కేసెట్ రానేలేదు. అమ్మాయిలిద్దరూ విడిపోయారని ఆయనే చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు.

2006లో చీరాలలో ఒక స్కూలు పిల్లల పాటలు రికార్డు చేయడానికి వెళ్ళాను. పాటలు నేర్పిన టీచరు శిరీషే. పిల్లల్ని పంపేశాక నస్రీన్ ఎలా ఉందని అడిగాను.

"పిడుగురాళ్లలో ఇచ్చారండీ. నాతో మాట్లాడదు."

"ఎందుకని?"

"తెలియనట్టు అడుగుతారేంటి సార్? నేను మీ స్టూడియోకి చాటుగా వచ్చి దాని పాటలు పాడేశానంట. మీరే ఒప్పుకున్నారంట."

"నేనా? ఎప్పుడు?"

"పేరుందిగా అన్నారు కదా. అంతకంటే ఇంకేం ఒప్పుకోవాలి?"

నా మాట అలా కూడా వినిపిస్తుందని ఆ క్షణందాకా నాకు తట్టలేదు. అప్పుడు చెప్పాను. మీట సంగతి, శ్రుతి సంగతి, కోటేశ్వరరావు గారన్న మాట, అన్నీ. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"నిద్రలో నడుచుకుంటూ గుంటూరొచ్చి పాడానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చేది సార్. మా అమ్మ కూడా అడిగింది, నిజంగా పాడావేంటే అని." తర్వాత లేచి, "నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పండి" అంది.

ఆ వారంలోనే పిడుగురాళ్ల వెళ్ళాను. నస్రీన్ భర్త సున్నపుబట్టీల లారీలు చూసుకుంటాడు. వాళ్ళ వీధిలో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తను కిందకూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ నేను చెప్పిందంతా వింది. మధ్యలో తల ఎత్తలేదు.

"నాకు తెలుసు సార్" అంది చివరికి.

"ఎలా తెలుసు?"

"పోయిన ఎండాకాలం కరెంటు లేదు. మా పాప పెట్టె అడుగునుంచి ఆ కేసెట్ తీసి టేప్‌రికార్డర్లో పెట్టింది. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి. పాట సాగుతూ, శ్రుతి దిగిపోతూ వచ్చింది. నా చరణం వచ్చేసరికి మా పాప పరిగెత్తుకొచ్చి, అమ్మీ, ఇందులో నువ్వు పాడుతున్నావు అంది." కాయలు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేనే సార్. అచ్చంగా నేనే."

"మరి శిరీషకి చెప్పలేదా?"

"ఏ మొహంతో చెప్పను? వాళ్ళింటి ముందు నిలబడి వీధంతా వినేట్టు దొంగ అన్నాను దాన్ని. అది ఏడుస్తూ ఒట్లు పెడుతుంటే కూడా నమ్మలేదు. మిమ్మల్ని నమ్మాను."

నా సెల్‌ఫోన్‌లో శిరీష నంబరు తీసి ఆమెకి ఇచ్చాను. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత నొక్కింది.

"నేనే" అంది. అవతల ఎవరని అడిగినట్టున్నారు. "నేనేనే మొద్దూ, నస్రీన్‌ని."

ఆ తర్వాత ఫోన్‌లోంచి తిట్లు మొదలయ్యాయి. నేను కూర్చున్న చోటికి స్పష్టంగా వినిపిస్తున్నాయి. సిగ్గుందా అని, పెళ్ళికైనా పిలిచావా అని, పాప పుట్టిందని బట్టలకొట్టు వాడు చెబితే తెలుసుకోవాల్సి వచ్చిందని. నస్రీన్ కారం చేత్తో కళ్ళు తుడుచుకుంది, మంటకి కెవ్వుమంది. "ఏమైందే, ఏమైందే?" అని అటునుంచి అరుపు.

నేను బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"సార్, నా గొంతు వాళ్ళకి నచ్చలేదని ఆ రోజే చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. ఒక రోజు ఏడ్చేదాన్ని. శిరీష ఓదార్చేది."

ఇద్దరితో మళ్ళీ ఒక పాట రికార్డు చేస్తానని తర్వాత అడిగాను. వాళ్ళు వద్దన్నారు, కలిసినప్పుడు పాడుకుంటున్నాంలెండి అన్నారు.

ఇప్పుడు టేపులు లేవు. గొంతు మార్చడం కంప్యూటర్‌లో చిటికెల మీద పని. అయినా ఎవరి గొంతు ముట్టుకోవాల్సి వచ్చినా వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ముందుదీ తర్వాతదీ రెండూ వినిపించి, ఎందుకు మార్చమన్నారో కూడా చెబుతున్నాను. కొందరు కోప్పడతారు. కొందరు పిల్లలు ఏడుస్తారు. ఏడవనిస్తాను. తలుపు తీస్తే బయట బల్లమీద వాళ్ళ మనుషులు కూర్చునే ఉంటారు.