బ్రేకు మాస్టారి కుక్క

ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనే పిలుస్తారు. డ్రైవింగ్ స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కొలువు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చోవాలి, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచాలి, చక్రం పట్టినవాడు తత్తరపడిన మరుక్షణం దాన్ని అదిమెయ్యాలి. ఇన్నేళ్ళలో ఆయన కారు ఒక్క మనిషిని కూడా రాసుకుపోలేదు. ఆ సంగతి ఆయనే చెప్పుకోవాలి మరి, జరగని ప్రమాదానికి ఎవరూ సన్మానం చెయ్యరు కదా.

భార్య పోయి నాలుగు నెలలైంది. ఆయన ఏడవలేదు. వారం తిరక్కుండానే స్కూలుకొచ్చి, కొత్తగా చేరినవాడికి గేర్లు మార్చడం చూపించాడు. గుండె రాయైపోయిందని కొందరు, మొదటి నుంచీ రాయేనని కొందరు అనుకున్నారు. ఆయనకైతే ఏమీ అనిపించడం లేదు, అంతే. పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసేవాడు. ఒకటి మళ్ళీ బోర్లించేవాడు. అందులో బాధేమీ లేదు, అదీ ఒక పనే.

ఇంట్లో మిగిలింది దొర. తొమ్మిదేళ్ళ గోధుమరంగు కుక్క. వీధిలో వణుకుతూ పడి ఉంటే ఆవిడే ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, దర్జాగా నడుస్తుందని ఆ పేరు పెట్టింది. ఆవిడ పిలిస్తే పరుగెత్తుకొచ్చేది. ఈయన పిలిస్తే కాస్త ఆలోచించేది.

ఆ దొరకి పొట్ట కింద గడ్డ లేచింది. నలభై కిలోమీటర్ల దూరంలో పశువుల ఆస్పత్రి. అక్కడి డాక్టరమ్మ ఆరు వారాలు, వారానికొక సూది అంది. మొదటి రెండు శనివారాలూ తనే నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మూడు వాంతులు, వచ్చేటప్పుడు మూడు. ఆపైన రెండు రోజులు అది గిన్నె వంక చూడలేదు.

"గడ్డ కరుగుతోంది మాస్టారూ. కుక్క కూడా కరుగుతోంది, అదే గొడవ," అంది డాక్టరమ్మ రెండోసారి తూచినప్పుడు. "ఇంకో కిలో తగ్గిందంటే ఈ మందుకి తట్టుకోలేదు. నేను సూది వెయ్యను. కారు సంగతేదో మీరే చూసుకోవాలి."

ఎవరి కుక్క గురించో విన్నట్టు విన్నాడు. ఇది కూడా పోతే ఆవిణ్ణి ఎరిగిన ప్రాణి ఇంట్లో తను తప్ప ఇంకోటి ఉండదని మాత్రం తోచింది. ఆ ఆలోచన కూడా ఎక్కడా గుచ్చుకోలేదు. అయినా మర్నాడే పని మొదలుపెట్టాడు.

కొత్తవాళ్ళకి చెప్పే పాఠాలే కుక్కకీ చెప్పాడు. ఆదివారం బండి స్టార్టు చెయ్యకుండా పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాడు. సోమవారం ఇంజను ఆన్ చేసి, కదలకుండా కూర్చున్నారు ఇద్దరూ. మంగళవారం వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి పెట్టలేదు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర మింగించాడు. కిటికీ అద్దం నాలుగు వేళ్ళంత దించాడు. ఆవిడ పాత శాలువా వెనక సీట్లో పరిచాడు.

"కుక్కగారికి లైసెన్సు ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు పక్కింటాయన గోడ మీంచి.

"మీ బావమరిది కన్నా ముందే వస్తుంది," అన్నాడు మాస్టారు, మొహంలో ఏ మార్పూ లేకుండా. పక్కింటాయన బావమరిది డ్రైవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పాడు.

వీధి చివరిదాకా బాగానే ఉంది. బుధవారం పొద్దున్న పెద్ద రోడ్డెక్కి రెండో మలుపు తిరిగేసరికి దొర మూతి నాక్కోవడం, చొంగ కార్చడం, ఆ తర్వాత భళ్ళున కక్కడం. శాలువా ఉతికి ఆరేశాడు. మళ్ళీ పరిచాడు.

ఆ సాయంత్రం లెక్కల టీచరుకి పాఠం ఉంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కారు నేర్చుకుంటున్న మనిషి, పరీక్ష రెండుసార్లు పోయింది. మాత్ర వేసిన కుక్కని ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాక వెనక సీట్లో ఎక్కించాడు. ఆ టీచరు కారు నడపదు, బతిమాలుతుంది. ఎక్కడో దూరాన ఎవరైనా దాటుతుంటే ఇక్కడి నుంచే నెమ్మదిస్తూ వస్తుంది. గంటసేపు ఊరంతా తిరిగారు. ఆయన బ్రేకు ముట్టుకునే అవసరమే రాలేదు. తిరిగి చూస్తే దొర నాలుక బయటపెట్టి గుర్రు పెడుతోంది.

మాత్ర పనిచేసిందనుకున్నాడు. గురువారం తను నడిపాడు. అదే మాత్ర, అదే రోడ్డు. రెండో మలుపులో కక్కింది. శుక్రవారం టీచరు నడిపింది. దొర హాయిగా పడుకుంది.

"ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి మాస్టారూ," అంది టీచరు బండి పక్కకి ఆపి. "మందు అదే, రోడ్డు అదే, కుక్క అదే. మారిందల్లా డ్రైవరే."

"నేను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా..."

"నేర్పుతున్నారు. కాదనను. ఒక్కసారి నడపండి, వెనక కూర్చుని చూస్తాను."

నడిపాడు. పది నిమిషాలయ్యాక టీచరు గొంతు పీలగా వినిపించింది. "పద్నాలుగు సార్లు తొక్కారండీ. ఎదర ఎవరూ లేరు."

"ఆ సైకిలో?"

"అది స్టాండేసి ఉంది. కాస్త ఆపండి బాబూ, నాకే తిప్పుతోంది."

ఆపాడు. తన కుడికాలి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఇంకొకరి తప్పు కోసం కాచుకుని ఉన్న కాలు అది. తన చేతిలో చక్రం ఉన్నా దానికి నమ్మకం లేదు. గోడ పక్కన ఏం కదిలినా, కదలకపోయినా, గబుక్కున పడిపోతోంది.

శనివారం టీచరే నడిపింది. ఆయన పక్క సీట్లో, దొర వెనక శాలువా మీద. నలభై కిలోమీటర్లకి రెండు గంటలు పట్టింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టీ కొట్టీ విసిగిపోయి తప్పుకుని వెళ్ళారు. దొర ఒక్కసారి కూడా కక్కలేదు. బరువు తగ్గలేదు. డాక్టరమ్మ మూడో సూది వేసింది.

తిరుగుదారిలో కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి కాపురం వేరే ఊళ్ళో. కుక్క ఎలా ఉందని అడిగింది.

"బాగుంది. వాంతులు లేవు. ఇన్నాళ్ళూ కక్కింది నా బ్రేకు వల్లేనట," అన్నాడు.

"అమ్మకీ అంతేగా నాన్నా."

"ఏమిటి అంతే?"

"అదే, నీ కారెక్కితే దారంతా కడుపులో తిప్పేదట కదా. అందుకేగా మా ఇంటికి ఎప్పుడూ బస్సులో వచ్చేది." ఆయన ఫోను రెండో చెవికి మార్చాడు. "నీకు తెలియదా? జీవితమంతా అదే పని చేసిన మనిషితో నడపడం రాదని ఎలా అంటానే, నొచ్చుకోడూ, అనేది అమ్మ. నీకెప్పుడో చెప్పే ఉంటుందనుకున్నాను."

"అలాగా," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడకి బస్సులో కిటికీ పక్క సీటంటే సరదా అనుకున్నాడు. ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నాడు. తను కారులో ముందే చేరిపోయి, కూతురింట్లో కాళ్ళు చాపుకుని, మహారాణిగారి బస్సు ఇంకా రాలేదా అని అల్లుడి ముందు వేళాకోళం చేసేవాడు. ఆవిడ చెమటలు తుడుచుకుంటూ వచ్చి, నవ్వి, లోపలికి వెళ్ళేది. ఇది మాత్రం గుచ్చుకుంది. నొప్పి పుట్టింది. నాలుగు నెలల్లో అదే మొదలు.

"ఒక్క మాట చెప్పి ఉంటే మెల్లగా తొక్కేవాణ్ణి కదా," అన్నాడు పైకే.

ఆ మెల్లగా అన్న మాట తనకేననుకుని టీచరు కారు ఇంకాస్త నెమ్మది చేసింది.