ఎదురుకాళ్లు

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సులో నా పక్కనామె ఒళ్లో ఐదేళ్ల పాప, వెలుతురు చూడలేక కొంగు కింద ముఖం దాచుకుని మూలుగుతోంది.

"మెడ పట్టేసిందన్నా. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు తంతే పోతాదంట. ఆదోనిలో యాడుండారో ఎతకల్ల," అంది.

నేను అలా, తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టినవాణ్ణే. పాపను ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. తల వంచబోతే కేక పెట్టింది.

"ఇది పట్టు కాదమ్మా, మెదడువాపు జ్వరమేమో. ఎదురుకాళ్లోణ్ణి నేనే సెప్తాండా, నేరుగా పెద్దాసుపత్రికి పో. సూదిమందు తొందరగా పడల్ల."

ఆమె పాప వీపు నా వైపు తిప్పింది. "ఒక్కసారి కాలు తగిలించన్నా. ఆడికే పోతా."

తగిలించాను. ఆసుపత్రి దగ్గర దిగి పాపను భుజాన వేసుకుని పరుగెత్తింది. తర్వాత ఏమైందో తెలియదు.

ఇప్పటికీ మెడ పట్టిందని ఎవరో ఒకరు మా ఇంటికొస్తారు. కాలెత్తే ముందు వాళ్ల నుదురు తాకి చూస్తాను.